బయటి కార్డు

జూన్ 4

పిడుగుకి,

ఫోన్ ఉండగా వదిన ఉత్తరం రాస్తోందేమిటని నవ్వుకుంటావు. ఫోన్ ఉంది, దాని పక్కన మీ అన్నయ్య కూడా ఉన్నారు. నీ గొంతు వినబడితే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెనక గదిలోకి వెళ్లిపోతున్నారు. తలుపు వెనకే నిలబడి వింటున్నారని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఈ దాగుడుమూతల మధ్య నేను నీతో మనసు విప్పి ఒక్క మాట మాట్లాడలేను. అందుకని కొట్లో గిరాకీ లేని మధ్యాహ్నం చూసుకుని కలం పట్టాను.

ఆయన కోపం ఎక్కడికీ పోలేదు. ఉద్యోగం ఖాయమయ్యాక చెప్పావు గానీ ముందు ఒక్క మాట అడగలేదట. కళ్లద్దాల కొట్లో నీకోసం రెండో బల్ల చేయించాక పరాయి దేశం అన్నావట. రోజూ ఇదే పాట. మరి నువ్వు బయల్దేరిన రోజు గుమ్మం దాటి రాని మనిషి, తన ఖాతా మీద నీ పేరున ఇంకో కార్డు తీయించి, నీకివ్వమని నా చేతికి ఎందుకిచ్చారో అడిగితే మాత్రం పలకరు.

అసలు సంగతికి వస్తాను. నువ్వక్కడ కార్డు గీకినప్పుడల్లా ఇక్కడ ఆయన ఫోన్ టింగుమంటుంది. కొట్టు పేరు, ఎంత అయిందో, అంతే ఉంటుంది అందులో. మిగతాదంతా ఆయన కల్పించుకుంటారు. "పాలు తెచ్చుకుంది" అంటారు ఒకసారి. "సబ్బు అయిపోయినట్టుంది" అంటారు ఇంకోసారి. ఇందులో ఒక చిక్కుంది. ప్రతి మెసేజ్ వెనకాలే అదే కొట్టు నుంచి చిన్న మొత్తంతో ఇంకోటి వస్తోంది. నువ్వు సామాను కొనుక్కుని బయటికొచ్చి, ఏదో మర్చిపోయి మళ్లీ లోపలికి వెళ్తున్నావని ఆయన తేల్చేశారు. "ఇంత మతిమరుపు ఎప్పుడొచ్చింది దీనికి" అని దిగులు కూడా పడుతున్నారు. ఏమిటా రెండో మెసేజ్? నిజంగానే మర్చిపోతున్నావా, లేక ఆ కొట్లో చూడముచ్చటైన కుర్రాడెవరైనా ఉన్నాడా?

జవాబు కొట్టు చిరునామాకి కాకుండా మా అమ్మ ఇంటికి రాయి.

నీ కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్న
వదిన


జూన్ 18

వదినా,

చూడముచ్చటైన కుర్రాడు లేడు. మీసాలాయన ఉన్నాడు. మా మేడ కిందే మూలన ఆయన కిరాణా కొట్టు. నేను ఉన్నది మూడో అంతస్తులో, కిటికీ తీస్తే ఎదుటి వాళ్ల వంటింటి కిటికీ. పనిచేసే చోట రోజంతా పళ్లేల్లో అద్దాలు వస్తూనే ఉంటాయి. అంచు సరిగా అరిగిందా, పవర్ సరిపోయిందా అని చూసి పంపడం నా పని. మన కొట్లో అయితే ఆ అద్దం ఏ మొహం మీదికి వెళ్తుందో తెలిసేది. ఇక్కడ మొహాలు ఉండవు.

నీ ఉత్తరం వచ్చేదాకా ఆ రెండో మెసేజ్ సంగతి నాకు తెలియనే తెలియదు. వెంటనే కిందికి దిగి మీసాలాయన్ని అడిగాను. ఆయన చాలా మర్యాదగా, నాది బయటి దేశపు బ్యాంకు కార్డు కాబట్టి ప్రతిసారీ కొంత అదనపు రుసుము పడుతుందని చెప్పాడు. ముందు ఎందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఇక్కడి కార్డు తీసుకుందామంటే, కొత్త ఉద్యోగులకి పరీక్షా కాలం పూర్తయ్యేదాకా ఇక్కడి బ్యాంకు కార్డివ్వదు. కొత్తగా వచ్చినవాళ్లకి కార్డివ్వరట, కార్డు లేదని వాళ్ల దగ్గరే ఎక్కువ గుంజుతారట. ఇదెక్కడి న్యాయం? ఊరుకుంటానా నేను?

అది సరే గానీ, అన్నయ్య చేస్తున్నదేమిటి? పలకరించడానికి నోరు రాదు గానీ నేను పాలు కొన్నానో సబ్బు కొన్నానో లెక్క చూస్తున్నాడా? బిల్లు తను కడుతున్నాడు కాబట్టి కాపలా కాస్తున్నాడన్నమాట. జీతం చేతిలో నిలవగానే ప్రతి పైసా తీర్చేస్తానని చెప్పు. అంతదాకా ఆ కార్డు వాడను. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ నగదు అప్పిస్తానంది.

ముక్కు మీద కోపం నాకూ ఉందని గుర్తుచేస్తూ
పిడుగు


జూలై 11

పిడుగుకి,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. చిలవలు పలవలు అల్లడంలో మీ అన్నాచెల్లెళ్లకి సాటి లేదు.

నువ్వు కార్డు మానేసిన దగ్గర్నుంచి ఇక్కడ ఏం జరుగుతోందో విను. మొదట రెండు రోజులు ఫోన్ వైపు చూసి ఊరుకున్నారు. తర్వాత దాన్ని దులిపి చూశారు. తర్వాత బాగుచేసేవాడి దగ్గరికి పట్టుకెళ్లారు. ఫోన్ లక్షణంగా ఉందని వాడంటే, వాడికి పని రాదని తిట్టి వచ్చారు. పోయిన వారం ఒక పెద్దాయన అద్దాల్లో కుడిది ఎడమకీ ఎడమది కుడికీ బిగించి ఇచ్చారు. ఆయన బయటికెళ్లి మెట్టు కనబడక తూలి, మళ్లీ లోపలికొచ్చి మీ అన్నయ్యకే కళ్లు చూపించుకోమని సలహా ఇచ్చి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఈయన చేతిలో అలాంటి తప్పు చూశామా మనం?

ఆయన చూస్తున్నది డబ్బు లెక్క కాదే తల్లీ. నీతో మాట్లాడటానికి అభిమానం అడ్డొచ్చి, ఆ టింగుమనే చప్పుడే నీ కబురు అనుకుని బతుకుతున్నారు. ఆ చప్పుడైతే నువ్వు ఆ పూట తిన్నట్టు. కాకపోతే పస్తున్నట్టు. ఈ మూడు వారాలుగా ఆయన లెక్కలో నువ్వు అన్నం ముట్టలేదు. నిన్న కంచం ముందు కూర్చుని "అది ఏం తింటోందో" అని పైకే అనేశారు. అని, నేను విన్నానని తెలిసి పప్పులో ఉప్పు లేదని నా మీద విరుచుకుపడ్డారు. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఇంకో మాట, నవ్వకు. నీ అదనపు రుసుము సంగతి ఎవరిదో అయినట్టు ఆయన దగ్గర ఎత్తాను. దోపిడీ అని మండిపడ్డారు. నేను మెల్లగా మన కొట్టు గల్లా పెట్టె పక్కన అంటించిన కాగితం చూపించాను. కార్డయితే నూటికి రెండు అదనం అని ఆయన చేత్తో రాసిందే. "అది వేరు" అన్నారు. ఎలా వేరో ఇప్పటిదాకా చెప్పలేదు.

వెళ్లి ఏదో ఒకటి కొనుక్కో. కార్డుతోనే.

మీ ఇద్దరి మధ్య నలిగిపోతున్న
వదిన


జూలై 29

వదినా,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. నాకు ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. వెంటనే కొట్టుకి పరిగెత్తి రొట్టె, పాలు, గుడ్లు విడివిడిగా కొన్నాను. మూడుసార్లు టింగుమని ఉంటుంది. మీసాలాయన నన్ను వింతగా చూశాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కొంటున్నాను. నా గదిలో ఇప్పుడు అగ్గిపెట్టెలే ఓ గంపెడున్నాయి.

అయితే ఆ అదనపు రుసుము మాత్రం వదల్లేదు. ఇక్కడ కొనుగోలుదారుల సహాయ కార్యాలయం అని ఒకటుంది. సెలవు పెట్టి వెళ్లాను. బల్ల వెనక జలుబుతో మూలుగుతున్న ఒక పెద్దావిడ నా రసీదులన్నీ ఓపిగ్గా చూసింది. రూలు ఏమిటంటే, ఇక్కడి బ్యాంకుల కార్డుల మీద ఎవరూ అదనం వేయకూడదు. నాలాంటి బయటి కార్డుల మీద వేయొచ్చు.  మేము మనుషులం కామా అని అడిగేశాను. ఆవిడ ముక్కు తుడుచుకుని, రూలు పూర్తిగా వినమంది. బయటి కార్డుకి అదనం వేసేవాళ్లు ఆ మాట గుమ్మం దగ్గర కనబడేలా రాసిపెట్టాలి, డబ్బు తీసుకునే ముందు చెప్పాలి. మీసాలాయన ఈ రెండూ చేయలేదు. కాబట్టి నేను వచ్చిన దగ్గర్నుంచి తీసుకున్న అదనం అంతా తిరిగివ్వాల్సిందే.

మీసాలాయన రెండు రోజులు మూతి ముడుచుకుని, చివరికి ఒప్పుకున్నాడు. ఆయన యంత్రం అంతా కలిపి ఒకేసారి ఇవ్వదట. ఏ కొనుగోలుది ఆ కొనుగోలుకే విడివిడిగా వెనక్కి పంపాలట. వచ్చే వారం తీరిగ్గా కూర్చుని పంపుతానన్నాడు. నాతోపాటు కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలకి కూడా తిరిగిచ్చేలా ఒప్పించాను. మా పనిచోట నన్ను ఇప్పుడు లాయరమ్మా అంటున్నారు.

ఒక్క సాయం చెయ్యి. ఈ సంగతి అన్నయ్యకి ముందే చెప్పకు. డబ్బు వెనక్కి వస్తున్నట్టు తన ఫోన్లో తనే చూడాలి. తన చెల్లెలు పరాయి దేశంలో కూడా ఎవరి దగ్గరా మోసపోదని తెలుసుకుని మీసం మెలేయాలి. ఆ మొహం ఎలా ఉందో నాకు రాయి.

విజయగర్వంతో కాలు నేల మీద ఆనని
లాయరమ్మ


ఆగస్టు 9

పిడుగా,

కొంప మునిగింది. నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

మొన్న మధ్యాహ్నం కొట్లో ముగ్గురు కూర్చుని ఉండగా ఫోన్ టింగుమంది. మీ అన్నయ్య మొహం వెలిగింది. మళ్లీ టింగు. మళ్లీ. ఇక ఆగలేదు. ఏదో కొంటోంది అనుకుని సంబరంగా తీసి చూశారు. అన్నీ 'తిరిగి జమ', 'తిరిగి జమ', 'తిరిగి జమ'. నీ ఉత్తరం అప్పటికి నాకు చేరలేదు, ఇవాళే అమ్మ ఇంటి నుంచి చేతికొచ్చింది. నాకేం తెలుసని చెప్పను? నువ్వు ఆయన డబ్బు ఆయన మొహాన కొడుతున్నావని అనుకున్నారు. చిన్న చిన్న మొత్తాలుగా విడగొట్టి పంపడం మరీ అవమానమట. జీతం రాగానే ప్రతి పైసా తీరుస్తానని నువ్వు రాసిన మాట ఒకసారి నోరు జారి చెప్పాను, అది కాస్తా ఇప్పుడు ఆజ్యం పోసింది. "నా చేతి అన్నం కూడా దానికి బరువైంది" అన్నారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు అద్దాలు పెట్టుకుని మరీ చూశారు.

ఆ కోపంలోనే బ్యాంకుకి ఫోన్ చేశారు. కార్డు మూసేయమన్నారు. అటునుంచి ఆ అబ్బాయి కారణం అడిగాడు. "దానికీ నాకూ సంబంధం లేదు, ఆ కొనుగోళ్లతో నాకు సంబంధం లేదు" అని పెట్టేశారు. నేను పక్కనే ఉండి కూడా ఆపలేకపోయాను.

ఇప్పుడు నీ ఉత్తరం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆయన బజారు నుంచి రాగానే చదివి వినిపిస్తాను. నువ్వు మాత్రం తొందరపడి ఏ మాటా అనుకోకు.

వదిన


ఆగస్టు 10

వదినా,

నీ ఫోన్లు చూశాను. ఎత్తితే ఏడ్చేస్తానని ఎత్తలేదు.

నిన్న సాయంత్రం మీసాలాయన కొట్లో కార్డు పనిచేయలేదు. వెనక మనుషులు వరసలో నిలబడి ఉన్నారు. మీసాలాయన నన్ను పక్కకి పిలిచి, ఇక్కడి బ్యాంకు నుంచి తనకి వచ్చిన కబురు చూపించాడు. ఈ కార్డు వాడిన మనిషెవరో ఖాతా యజమానికి తెలియదట. దొంగ వాడకం అని అనుమానమట. నా డబ్బు నాకు తిరిగిచ్చిన మనిషే ఇప్పుడు నావైపు చూడటానికి మొహమాటపడ్డాడు. నన్ను కాపాడిన రూలు లాంటిదే అన్నయ్యలాంటి ఖాతా యజమానులకీ ఒకటి ఉందట. ఖాతా యజమాని నాకు తెలియదంటే బ్యాంకు ఆయన మాటే వింటుంది.

రేపో మాపో రావాల్సిన నా సొంత కార్డు కూడా ఆగిపోయింది. ఆ కబురు మా పనిచోటికీ వెళ్లింది, విచారణ తేలేదాకా నా పరీక్షా కాలం పూర్తయినట్టు సంతకం పెట్టరు. తేలకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. దారి ఒక్కటే ఉందట. అన్నయ్య బ్యాంకు వాళ్లు మా ఇద్దరినీ ఒకే ఫోన్లోకి పిలుస్తారు. ఈ మనిషి నాకు తెలుసని అన్నయ్య తన నోటితో చెప్పాలి.

ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను వదినా. అన్నయ్యకి నేను తెలియదా? ఆ మాట ఒక కొట్టువాడి నోటి నుంచి వినాల్సి వచ్చింది నాకు. చెప్పమని నేను మాత్రం అడగను. తెలుసో తెలియదో తనే చెప్పాలి.

పిడుగు


ఆగస్టు 21

పిడుగా,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్లిపోయాయి. అచ్చం మీ ఇద్దరిలాగే.

మొదట నీ విజయగాథ చదివి వినిపించాను. అగ్గిపెట్టెల దగ్గర నవ్వారు. మీసం మెలేయాలి అని నువ్వు రాసిన చోట నవ్వు ఆగిపోయింది. ఆ మాట మళ్లీ చదవమన్నారు. చదివాను. లేచి వెళ్లి గల్లా పెట్టె పక్కనున్న కాగితం పీకేశారు. అది గోడకి గట్టిగా అంటుకుపోయి సగమే వచ్చింది. మిగతా సగం మరునాడు కూర్చుని గోకారు.

నిన్న నీ రెండో ఉత్తరం వచ్చింది. దాన్ని నేను చదివి వినిపించలేదు, ఆయన చేతికే ఇచ్చాను. చదివి కాగితం మడిచి, మళ్లీ విప్పి చదివారు. నేను ఎన్నో మాటలు దాచిపెట్టుకున్నాను అనడానికి. ఆ మొహం చూశాక ఒక్కటీ అనలేకపోయాను. అరిచింది బ్యాంకు వాడి మీదేనట, మనసులో ఉన్నది నువ్వట. కోపంలో అన్న మాట వాళ్లు రాసుకుని నీ మీద దొంగ అని ముద్ర వేస్తారని ఆయనకి తోచలేదు. బ్యాంకు వాళ్లు మీ ఇద్దరినీ ఏ రోజు ఫోన్లోకి పిలుస్తారో కనుక్కున్నారు. వచ్చే వారం, నీకు మధ్యాహ్నం భోజనం వేళ. ఆ రోజు కొట్టు తెరవరట.

నేను మా అమ్మ ఇంటికి వెళ్తున్నాను. నేనుంటే నా చేత చెప్పిస్తారు. ఈసారి మీ ఇద్దరూ మీ నోళ్లతో మీరే చెప్పుకోండి. ఏమైందో మాత్రం పూసగుచ్చినట్టు రాయాలి. ఆయన నోటి నుంచి వివరం రాబట్టడం నా వల్ల కాదు.

ఆశతో,
వదిన


ఆగస్టు 30

వదినా,

పూసగుచ్చుతున్నాను, విను.

మా పనిచోట మెట్ల దగ్గర కూర్చుని ఫోన్ చెవికి పెట్టుకున్నాను. బ్యాంకమ్మాయి ముందే హెచ్చరించింది. మాట్లాడేది రికార్డవుతుంది, మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడకూడదు, ఏదైనా తనకే చెప్పాలి. మాకు అలవాటేనండీ అందామనుకుని ఊరుకున్నాను.

ముందు అన్నయ్యని అడిగింది, ఈ కార్డు వాడిన మనిషి మీకు తెలుసా అని.  లైను పోయిందేమోనని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. అప్పుడు అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"తెలుసమ్మా. నా చెల్లెలు. మా అమ్మ పోయినప్పుడు దీనికి నడక కూడా సరిగా రాదు. నేనే పెంచాను."

అవును కాదు అంటే చాలని ఆ అమ్మాయి అంది. మరి ఈ కొనుగోళ్లన్నీ మీకు తెలిసే జరిగాయా అంటే, తెలిసేనన్నాడు. పాలు, రొట్టె, గుడ్లు, అగ్గిపెట్టెలు, అన్నీ తెలుసన్నాడు. కూరగాయలు అసలు కొనడం లేదని కూడా తెలుసన్నాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడం నాకు వినబడింది. తర్వాత ఏ తప్పూ చెల్లెలిది కాదు, కోపంలో తనే అబద్ధం చెప్పానని, ఆ మాట అలాగే రాసుకోమని అన్నాడు. నేను అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నన్ను ఏవో అడిగింది, ఏవో చెప్పాను.

విచారణ మూసేస్తున్నానని, ఇక్కడి బ్యాంకుకీ ఆ మాట ఇవాళే పంపుతానని చెప్పింది. కార్డు మళ్లీ తెరవమంటారా అని అన్నయ్యని అడిగింది. తెరవమన్నాడు. మెసేజ్‌లు ఎప్పటిలా మీ ఫోన్‌కే పంపాలా అంది.

"వద్దు, ఆపేయండి," అన్నాడు.

 సాయం చేశాడు గానీ నా కబురు ఇక అక్కర్లేదన్నమాట అనుకున్నాను. అంతలో అన్నాడు, "తిన్నదో లేదో నేనే ఫోన్ చేసి అడుగుతాను."

అమ్మాయి ఫోన్ పెట్టేసింది. నేను కళ్లు తుడుచుకోకముందే ఫోన్ మోగింది. నాలుగు నెలల తర్వాత అన్నయ్య నాతో నేరుగా అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? తిరిగి జమ అయినవన్నీ సరిచూశాడట, ఒకటి తక్కువైందట. జూన్ మొదటి వారంలో పాలు కొన్నప్పటిదట. నేను పాలు కాదు సబ్బు అన్నాను. పాలే అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ ఏడ్చాను. తను కూడా ఏడుస్తున్నాడని తెలిసింది గానీ నీకు చెప్పొద్దన్నాడు.

రేపు ఆ ఒక్కదాని కోసం మీసాలాయన దగ్గరికి వెళ్తున్నాను. ఆయన కాదంటే ఏం చేయాలో చెప్పడానికి, నేను కొట్లోంచి బయటికి వచ్చేదాకా అన్నయ్య ఫోన్లోనే ఉంటానన్నాడు.

నీ
పిడుగు